బోర్లా తిప్పిన రోజులు

15 సెప్టెంబరు 1998, మంగళవారం

ఇవాళ మా తమ్ముడు సూరిబాబు భార్యని ఊపిరి యంత్రం మీద పెట్టారు. స్ట్రెచర్ మీద లోపలికి తీసుకుపోతుంటే ఆమె కొంగు జారింది. నేను గోడవైపు తిరిగిపోయాను. ఇవాళ నేను చేసిన పని అదొక్కటే.

జనవరిలో యూనియన్ ఆఫీసులో ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ బీరువా మీద పడి ఉంది. ఆసుపత్రి బెంచీ మీద ఊరికే కూచోలేను, చేతిలో ఏదైనా ఉండాలని సంచిలో వేసుకున్నాను.

ఆమె తీజా పండక్కి పుట్టింటికి వెళ్ళింది. అభన్‌పూర్ దాటి ఇంకా లోపలికి పోవాలి వాళ్ళ ఊరికి. తిరిగొచ్చిన కొన్నాళ్ళకి చలిజ్వరం. సూరిబాబు భన్‌పురిలో ట్రాన్స్‌పోర్టు ఆఫీసు పనిలో పడి మొదట పట్టించుకోలేదు. మలేరియాలో చెడ్డ రకం అట. క్వినైన్ ఎక్కించాక జ్వరం దిగింది. దిగింది కదా అని నిన్న సాయంత్రం అందరం బయట టీ కూడా తాగాం. తెల్లారేసరికి ఊపిరి అందక పెదాలు నీలం తిరిగాయి.

సూరిబాబుకీ నాకూ పదహారేళ్ళ తేడా. నాన్న పోయేనాటికి వాడింకా నిక్కర్లు వేసుకుంటున్నాడు. తమ్ముడిలా కాదు, కొడుకులా పెరిగాడు నా దగ్గర. ఛత్తీస్‌గఢీ పిల్లని చేసుకుంటానన్నప్పుడు నేను అడ్డు చెప్పలేదు. చెప్పలేదనే నా జ్ఞాపకం.

వాళ్ళలో భర్త అన్నగారిని కురా ససుర్ అంటారు. మామగారి కంటే ఎక్కువ. ఆయన ఎదట ముఖం కనబడకూడదు, గొంతు వినబడకూడదు, పొరపాటున చెయ్యి తగిలితే ఇద్దరూ స్నానం చెయ్యాలి. బొబ్బిలి వైపు మన ఇళ్ళల్లో బావగారంటే భయమూ మర్యాదా ఉంటాయి గాని ఇంత పట్టింపు లేదు. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత అలవాటైంది. నచ్చింది కూడా. నేను వస్తున్నానని తెలిస్తే గది ఖాళీ అయిపోయేది. కాసేపటికి గుమ్మం పక్క స్టూలు మీద టీ గ్లాసు ఉండేది. పెళ్ళయి ఎనిమిదేళ్ళు. ఆమె ముఖం ఎలా ఉంటుందో నాకు తెలీదు.

పేరు దుర్పతి. నా భార్య వరహాలు మాత్రం ద్రౌపదీ అని పిలుస్తుంది. నేను ఎలాగూ పిలవను గనక నాకు ఏ పేరూ అవసరం పడలేదు.

16 సెప్టెంబరు

బుజ్జిని మా క్వార్టర్‌కి తెచ్చుకున్నాం. అయిదేళ్ళ పిల్ల. వాళ్ళ నాన్న తెలుగూ, వాళ్ళమ్మ ఛత్తీస్‌గఢీ కలిపి మాట్లాడుతుంది. అమ్మ ఎప్పుడొస్తుందని వరహాల్ని అడగలేదట, నన్నూ అడగలేదు. పెరట్లో జామచెట్టు కింద కూచుని ఆకులు వరసగా పేర్చింది.

దుర్పతి తల్లి ఊరినించి బస్సులో వచ్చింది. నన్ను చూసి బెంచీ రెండో చివర, నాకు వీపు పెట్టి కూచుంది.

డాక్టర్ పాణిగ్రాహి అని ఒకాయన చూస్తున్నాడు. ఒడియా మనిషి, బొంబాయిలో పనిచేసి వచ్చాడట. ముప్పై దాటి ఉండవు. సూరిబాబు ఏమడిగినా కూచోబెట్టి మొదటినించీ చెబుతాడు. ఊపిరితిత్తులు రెండింటిలోకీ నీరు దిగింది. తాగిన నీరు కాదు, సన్న రక్తనాళాలు తూట్లు పడినట్టయి వాటిలోంచి కారే నీరు. యంత్రం పూర్తి ఆక్సిజన్ ఊదుతున్నా రక్తానికి అందడం లేదు. వేలికి ఒక క్లిప్పు పెట్టారు, దాని ఎర్ర అంకె తొంభై పైన ఉండాలట. డెబ్భైల్లో ఊగుతోంది.

సూరిబాబు ఆ అంకె తప్ప ఏమీ చూడడం లేదు. తిండి తినమంటే తలుపు అద్దం వైపు చూపిస్తాడు.

17 సెప్టెంబరు, గురువారం

ఇవాళ ఆమెని బోర్లా తిప్పారు. నేనూ ఒక చెయ్యి వేశాను.

ఇంకేమీ రాయబుద్ధి కావడం లేదు.

18 సెప్టెంబరు

నిన్నటిది రాయాలి. రాయకపోతే నేనే ఇంకోలా చెప్పుకుంటాను.

పొద్దున డాక్టరు మమ్మల్నిద్దర్నీ లోపలి గదిలోకి పిలిచాడు. తడిసిన దూది పరుపులో నీరంతా అడుక్కి దిగినట్టు, వెల్లకిలా పడుకున్న మనిషికి నీరూ బరువూ వీపు వైపుకి చేరతాయి. ఊపిరితిత్తుల్లో ఎక్కువ భాగం వీపు వైపే ఉంటుంది, దానిమీద గుండె బరువు కూడా. అదంతా నలిగి మూసుకుపోయింది. యంత్రం ఊదే గాలి ముందున్న కాస్త భాగంలోకే పోయి దాన్ని కూడా పాడు చేస్తోంది. మనిషిని బోర్లా పడుకోబెడితే వీపు వైపు తెరుచుకోవచ్చు. బొంబాయిలో కొందరికి చేశాను, కొందరికి పనిచేసింది, కొందరికి చెయ్యలేదు, ఈ ఆసుపత్రిలో ఇదే మొదలు అన్నాడు. తిప్పేటప్పుడు గొంతులో గొట్టం ఊడితే మళ్ళీ వెయ్యడానికి వ్యవధి ఉండదు. అది కూడా చెప్పాడు.

సూరిబాబు నా వైపు చూశాడు. నీ ఇష్టం అన్నాను. వాడు చెయ్యండి అన్నాడు.

తిప్పడానికి మనుషులు కావాలి. తల దగ్గర గొట్టం పట్టుకుని డాక్టరు ఉండాలి. సిస్టర్లు ఇద్దరు, ఒక ఆయా ఉన్నారు. ఇంకో ఇద్దరు ఉంటేగాని కుదరదు. సూరిబాబు లోపలికి వెళ్ళాడు. కాసేపటికే ఆయా పట్టుకుని బయటికి తెచ్చింది. మంచం దగ్గరికి వెళ్ళీ వెళ్ళకముందే కళ్ళు తిరిగి పడ్డాడట, ట్రాలీ అంచు తగిలి నుదురు చీరుకుపోయింది. వాణ్ణి కుట్లు వెయ్యడానికి తీసుకుపోయారు.

అప్పుడు డాక్టరు నన్ను చూశాడు. నేను పనిచేసే రైల్వే వర్క్‌షాపు నించి మనుషుల్ని తెస్తానన్నాను.

వాగన్ షాపులో విశ్వకర్మ పూజ. నాకది గుర్తే లేదు. మెషీన్లన్నీ కడిగి బంతిపూలు వేశారు, మైకులో భజనలు, ఒక్క మనిషి తన సెక్షన్లో లేడు. మా స్టోర్సులో పనిచేసే కోటయ్య ప్రసాదం దొన్నె చేత్తో పట్టుకుని కనిపించాడు. సంగతి చెప్పగానే దొన్నె పక్కన పెట్టి స్కూటరెక్కాడు. రెండోవాణ్ణి వెతకడానికి ఆగలేదు. ఎందుకు ఆగలేదంటే ఆలస్యమవుతుందని. దారిలో నాకు తోచింది: కోటయ్య ఆమెకి ఏమీ కాడు. అతను పట్టుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. ఈ ఊళ్ళో ఎవరు పట్టుకున్నా లేదు. నాకొక్కడికే.

మేం వెళ్ళేసరికి అంకె అరవైల్లోకి వచ్చింది. డాక్టరు కోటయ్యనీ నన్నూ చేతులు కడుక్కోమన్నాడు. తలుపు దగ్గర దుర్పతి తల్లి నిలబడింది. నా వైపు చూడకుండా గోడతో చెబుతున్నట్టు చెప్పింది: పిల్ల లేచాక ఈ మాట తెలిస్తే తలెత్తుకోలేదు, ఎవరినైనా తీసుకురండి, ఆయన వద్దు. ఆవిడ చెప్పింది నాకు సబబుగానే అనిపించింది.

అన్నమ్మ అని పెద్ద సిస్టరు, విశాఖపట్నం మనిషి, లోపలినించి వచ్చి ఆవిడ భుజం పట్టుకుని తలుపు అద్దం దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ చాలాసేపు లోపలికి చూసింది. అంకెలు చదవడం ఆవిడకి రాదు. యంత్రం తోసినప్పుడల్లా కూతురి ఛాతీ ఎగిరిపడడం చూసింది.

తర్వాత పక్కకి తప్పుకుని తన కొంగు తన ముఖం మీదికే పూర్తిగా లాక్కుంది.

“మయ్ నయ్ దేఖేంవ్,” అంది. నేను చూడలేదు అని.

లోపల డాక్టరు ఎవరు ఎక్కడ నిలబడాలో చూపించాడు. ఆమె కింద ఒక దుప్పటి, పైన ఒక దుప్పటి వేసి రెండింటి అంచులూ కలిపి గట్టిగా చుట్టారు. ముందు ఆమెని మంచం ఒక అంచుకి జరిపాం. తర్వాత పక్కకి. అక్కడ ఆగి గొట్టాలన్నీ చూసుకున్నాం. తర్వాత బోర్లా. నా చేతులు భుజం కిందా నడుము కిందా ఉన్నాయి. దుప్పటిలోంచి ఒంటి వేడి తగిలింది. ఛాతీ కింద ఒక దిండు, నడుము కింద ఒక దిండు, మధ్యలో కడుపు నొక్కుకోకుండా. ముఖం ఒక పక్కకి. ఒక చెయ్యి తల పక్కన పైకి, రెండోది ఒంటి పక్కన కిందికి.

అంకె ముందు ఇంకా పడింది. డాక్టరు ముఖం చూశాను, అతను అంకెని కాక ఆమె వీపుని చూస్తున్నాడు. మేమందరం చేతులు తియ్యకుండా అలాగే నిలబడ్డాం. ఎంతసేపో తెలీదు. తర్వాత డెబ్భై అయిదు. తర్వాత ఎనభై. కోటయ్య నా మోచెయ్యి గిల్లాడు. సాయంత్రానికి తొంభై ఒకటి.

ఇంటికి వచ్చేసరికి వరహాలు పెరట్లో నీళ్ళు తోడి ఉంచింది. ఎవరు చెప్పారో. స్నానం చేశాను.

19 సెప్టెంబరు

నా సెలవు కాగితం కోటయ్య చేత పంపాను. అతనికి డ్యూటీ ఉంది, ఉదయం ఒక పూట వచ్చి పోతానన్నాడు. సూరిబాబుని డాక్టరు మంచం దగ్గరికి రానివ్వడం లేదు. కుట్లు కాదు కారణం, వాడు ఆమెని చూడగానే వణుకుతున్నాడు. కాబట్టి నేనే వెళ్ళాలి. వేరే దారి లేదు.

పూటకోసారి ముఖం ఒక పక్కనించి రెండో పక్కకి తిప్పాలి. లేకపోతే చెంప కమిలి పుండు పడుతుంది. ముఖంతో పాటు చేతులు కూడా మార్చాలి, పైనున్నది కిందికి, కిందున్నది పైకి. డాక్టరో అన్నమ్మగారో తల పట్టుకుంటారు. చేతులు మార్చే పని నాకు చెప్పారు.

ముఖం చూశాను. చూశానని రాయడం కూడా సరి కాదు. ఉబ్బిపోయి ఉంది, కళ్ళ మీద టేపు, నోట్లో గొట్టం, చెంప దిండుకి అదిమి ఉంది. గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలు. రేపు ఆరోగ్యంగా ఎదురుపడినా గుర్తుపట్టలేను, ఆ చుక్కలతో తప్ప.

పని చేసేటప్పుడు ఆమెతో మాట్లాడుతూ ఉండండి, మందుల మత్తులో ఉన్నా వినిపించదని చెప్పలేం అన్నారు అన్నమ్మగారు. ఆవిడ ఏదో ఒకటి చెబుతూనే ఉంటారు, బయట వాన పడుతోంది అనో, మీ అమ్మ ఇవాళ అన్నం తింది అనో. నాకు ఆమెతో చెప్పడానికి ఏముంది. ఊరుకున్నాను.

20 సెప్టెంబరు, ఆదివారం

పొద్దున వెల్లకిలా తిప్పి చూశారు. రెండు మూడు గంటలు బాగానే ఉంది. సూరిబాబు లోపలికి వెళ్ళి ఆమె పాదాల దగ్గర నిలబడి వచ్చాడు. మధ్యాహ్నానికి మళ్ళీ పడిపోయింది. మళ్ళీ బోర్లా.

కాలనీలో మాట పాకింది. గుడి దగ్గర ఇద్దరు ముగ్గురు ఆగి అడిగారు, మీరే పట్టుకున్నారటగా అని. తప్పని వాళ్ళు అనలేదు. అడిగారు, అంతే.

వరహాలు ఇవాళ ఒక మాట అంది. బుజ్జి బోర్లా పడినప్పుడు నేను బొబ్బట్లు చేసి ద్రౌపదికి పంపాను, ఆళ్ళలో ఆ అలవాటు లేదట, ఎందుకిచ్చారో తెలవక పక్కింటోళ్ళకి పంచేసిందట అని నవ్వింది. నవ్వుతూ ఉండగానే వంటింట్లోకి వెళ్ళిపోయింది. చాలాసేపు రాలేదు.

21 సెప్టెంబరు

ఇవాళ పోయిందనుకున్నాం.

వెల్లకిలా నించి బోర్లా తిప్పుతున్నాం. పక్కకి తిరిగిన దగ్గర ఆగి గొట్టాలు చూసుకుంటుంటే యంత్రం కూత పెట్టింది. గొట్టంలో కఫం అడ్డుపడింది. గాలి లోపలికి పోవడం లేదు. ఛాతీ లేవడం మానేసింది. డాక్టరు యంత్రం ఊడదీసి సంచిలాంటి దాన్ని చేత్తో నొక్కాడు, అది కూడా నొక్కుడుపడలేదు. అన్నమ్మగారు సన్నగొట్టం లోపలికి దింపి లాగుతున్నారు. అంకె యాభైలు, నలభైలు. గుండె కొట్టుకునే చప్పుడు నెమ్మదించింది. నేను చెయ్యగలిగింది ఒక్కటే, ఆమె అటూ ఇటూ ఒరిగిపోకుండా పక్క మీద అలాగే పట్టుకుని ఉండడం. వదిలితే వెల్లకిలా పడుతుంది, గొట్టం ఊడుతుంది. భుజాలు పీకుతున్నాయి. నా గడ్డం ఆమె జుట్టుకి ఆనింది. నూనె వాసన లేదు, మందుల వాసన.

పచ్చటి ముద్ద ఒకటి బయటికొచ్చింది. సంచి నొక్కుడుపడింది. డాక్టరు అలాగే నొక్కుతూ ఒక నిమిషం కళ్ళు మూసుకున్నాడు. తర్వాత మామూలుగా, తిప్పుదాం అన్నాడు. తిప్పాం.

బయటికి వస్తే ఆవిడ, తల్లి, బెంచీ మీద తన పక్కన చెయ్యి ఆనించి చోటు చూపించింది. కూచున్నాను.

23 సెప్టెంబరు

ఇవాళ కూడా తిప్పాం.

24 సెప్టెంబరు

ఇవాళ కూడా. ఇంటికొచ్చి తిని పడుకున్నాక గుర్తొచ్చింది, స్నానం చెయ్యలేదు.

26 సెప్టెంబరు

పొద్దున వెల్లకిలా తిప్పారు. సాయంత్రం దాకా తొంభై కింద పడలేదు. ఆక్సిజన్ సగానికి తగ్గించారు. ఇక తిప్పక్కర్లేదేమో అన్నాడు డాక్టరు. నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బయటికి వచ్చి మోవా దాకా నడిచి, ఎందుకు నడిచానో తెలియక మళ్ళీ తిరిగొచ్చాను.

28 సెప్టెంబరు

గొట్టం తీసేశారు. సూరిబాబు షాపుకి ఫోన్ చేసి చెప్పాడు, చెబుతూ ఏడ్చాడు. నేను అప్పటికే డ్యూటీలో చేరాను. మెలకువలో ఉన్న మనిషి దగ్గర నాకేం పని.

1 అక్టోబరు, దసరా

సూరిబాబు వచ్చి బుజ్జిని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. పిల్ల వచ్చి, అమ్మ గొంతు పోయింది, కప్పలా మాట్లాడుతోంది అని చెప్పి ఆ గొంతుతో చేసి చూపించింది. వరహాలు నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

భోజనాల దగ్గర సూరిబాబు ఇంకో మాట చెప్పాడు. ఆమెకి కుడి చెయ్యి లేవడం లేదట. వేళ్ళు కదులుతున్నాయి గాని మోచెయ్యి పైకి రావడం లేదు. బోర్లా ఉన్నప్పుడు తల పక్కన పైకి పెట్టిన చెయ్యి ఎక్కువసేపు ఉండిపోతే భుజంలో నరం సాగి ఇలా అవుతుంది, చాలామందికి కొన్ని నెలల్లో చెయ్యి మళ్ళీ స్వాధీనంలోకి వస్తుంది, కొందరికి పూర్తిగా రాకపోవచ్చు అన్నాడట డాక్టరు. ప్రాణం ముందు అదెంతలే అన్నియ్యా అన్నాడు సూరిబాబు.

అన్నం మీద మజ్జిగ పోసుకున్నాను. పప్పు తినడం మర్చిపోయాను.

2 అక్టోబరు

చేతులు మార్చేది నేనొక్కణ్ణే కాదు. మధ్యాహ్నం పూట ఆయా మార్చేది. ఆదివారం కోటయ్య మార్చాడు. ఎవరు పెట్టినప్పుడు జరిగిందో ఎవరు చెప్పగలరు.

5 అక్టోబరు

స్టోర్సులో అర్ధసంవత్సరం స్టాకు తనిఖీ. తలెత్తే తీరిక లేదు. ఆసుపత్రికి వెళ్ళడం కుదరదని సూరిబాబుకి చెప్పాను.

7 అక్టోబరు

స్టాకు తనిఖీ.

ఆ సోమవారం మాత్రం కుడి చెయ్యి నేనే పెట్టాను. గొట్టం అడ్డుపడిన రోజు. డాక్టరు తిప్పుదాం అన్నాక గబగబా పెట్టేశాం. తర్వాత మార్చే వేళకి అందరూ ఆమె ఊపిరి చూస్తున్నారు, చెయ్యి మాట ఎవరికీ గుర్తు రాలేదు.

9 అక్టోబరు

వరహాలు పళ్ళెం పెడుతూ, స్టాకు తనిఖీ మంగళవారమే అయిపోయిందని కోటయ్య సెప్పాడు అంది. అంతకంటే ఏమీ అనలేదు. కాసేపాగి, “పిల్ల మిమ్మల్ని అడుగుతోంది. మీరు రారేటని,” అంది.

బుజ్జి ఇక్కడే ఉంది కదా అన్నాను.

“బుజ్జి కాదు,” అంది.

11 అక్టోబరు, ఆదివారం

వెళ్ళాను.

ఇప్పుడు మామూలు వార్డులో, కిటికీ పక్క మంచం. సూరిబాబు మందులకి కిందికి వెళ్ళాడు. తల్లి స్టూలు మీద కూచుని ఉంది. నేను గుమ్మంలో కనబడగానే మంచం మీద ఆమె కదిలింది. అలవాటు. కుడి చెయ్యి దుప్పటి అంచు కోసం లేవబోయింది. లేవలేదు. వేళ్ళు మాత్రం దుప్పటి మీద గీరాయి. మళ్ళీ ప్రయత్నించింది. ఎడమచేతికి సెలైన్ సూది ఉంది.

తల్లి లేచి కప్పేలోగా నేనే కిటికీవైపు తిరిగిపోయాను. ఆమె దాక్కోలేకపోతే నేను చూడకుండా ఉండొచ్చు కదా. కింద బిలాస్‌పూర్ రోడ్డు మీద లారీలు వరసగా ఆగి ఉన్నాయి. వాటిని చూస్తూ, ఎలా ఉందమ్మా అని తల్లిని అడిగినట్టు అడిగాను.

జవాబు తల్లి చెప్పలేదు.

“బావగారూ.”

నిజంగానే కప్ప గొంతు. తెలుగులో. వరహాలు దగ్గర నేర్చుకుందట, ఎనిమిదేళ్ళుగా మా వంటింట్లో మాట్లాడుతూనే ఉందట. నాకే తెలియదు.

“ఇటు తిరగండి,” అంది.

తిరగడానికి నాకు కాస్త సమయం పట్టింది.

వాపు పోయిన ముఖం. సన్నగా, చామనఛాయ, చెంప మీద పుండు మాని గులాబీరంగు మచ్చ. గడ్డం మీద మూడు చుక్కలు. ఆమె కూడా నన్ను చూడడం మొదటిసారే అనుకుంటాను, కొంగు సందులోంచి కాక. తల్లి స్టూలు నా వైపు జరిపి బయటికి వెళ్ళిపోయింది.

కూచుని, చెప్పాల్సింది చెప్పేశాను. ఆ చెయ్యి నా వల్లే అయిందేమోనమ్మా, ఆరోజు పైన పెట్టింది నేనే, మార్చడం మరిచిపోయాం అన్నాను. ఇంకా పొడుగ్గా చెబుదామని మాటలు దారిలో కూడబెట్టుకున్నాను. అవేవీ రాలేదు.

ఆమె విన్నది. చెయ్యి గురించి ఏమీ అనలేదు. చాలాసేపు ఆగి ఆగి, ఊపిరి కూడదీసుకుంటూ మాట్లాడింది. మత్తులో ఉన్నప్పుడు నీళ్ళ అడుగున ఉన్నట్టుండేదట. పైనించి మాటలు వినబడేవట. ఎవరివో తెలిసేది కాదట, ఒక్కటి తప్ప.

“రోజూ అనేవారు మీరు. మెల్లిగా తల్లీ, మెల్లిగా తల్లీ అని. ఆ మాట వస్తే ఇప్పుడు తిప్పుతారు అని తెలిసేది. భయం ఉండేది కాదు.”

నేనలా అన్నట్టు నాకు గుర్తు లేదు. ఒక్కసారి కూడా గుర్తు లేదు. అన్నమ్మగారిని అడిగితే తెలుస్తుంది. అడగను.

తర్వాత ఆమె కుడి చెయ్యి వైపు చూసి, అది కింద పడి లాగుతోంది, కాస్త దిండు మీద పెట్టండి బావగారూ అంది. నేను గుమ్మం వైపు చూశాను, తల్లి వస్తుందేమోనని, సూరిబాబు వస్తాడేమోనని. ఎవరూ రాలేదు. లేచి, మణికట్టు కిందా మోచేతి కిందా రెండు చేతులూ పెట్టి ఎత్తి, దిండు సర్ది దానిమీద పెట్టాను. వేడి లేదు ఇప్పుడు. మామూలు మనిషి చెయ్యి.

ఇంటికి వచ్చాను. పెరట్లో నీళ్ళు లేవు. వరహాలు తోడలేదు.

2 నవంబరు

ఆసుపత్రినించి ఎప్పుడో పంపేశారు. భన్‌పురిలో వాళ్ళింట్లోనే ఉంది. ఎవరో ఒకామె వచ్చి చెయ్యి సాగదీసి వంచి వ్యాయామం చేయిస్తోందట. మోచెయ్యి కొంచెం వంగుతోంది. జుట్టు మాత్రం తల్లి దువ్వుతోంది.

డాక్టర్ పాణిగ్రాహికి కనబడి నమస్కారం పెట్టి వచ్చాను. అప్పుడే ఇంకొకర్ని తిప్పుతున్నాడు, సిమెంటు ఫ్యాక్టరీ మనిషి. ఖాళీగా ఉంటే వస్తారా అని నవ్వుతూ అడిగాడు. చేతులు కడుక్కున్నాను.

27 డిసెంబరు, ఆదివారం

సూరిబాబు వాళ్ళు భోజనానికి వచ్చారు. జబ్బు తర్వాత ఆమె మా ఇంటికి రావడం ఇదే మొదలు. పక్క క్వార్టర్ల ఆడవాళ్ళు చూడ్డానికి అరుగుల మీదికి వచ్చారు. రిక్షా దిగి, నేను గుమ్మంలో ఉండడం చూసి, కొంగు ముఖం మీదికి లాక్కుంది. కుడి చేత్తో. చెయ్యి భుజం దాటి తల దాకా వెళ్ళింది. కాస్త నెమ్మదిగా, మధ్యలో ఒకసారి ఆగి, అయినా వెళ్ళింది. నేను సూరిబాబుని చూశాను. వాడు రిక్షావాడితో మాట్లాడుతూ ఇటు చూడలేదు.

ఇకమీదట ముసుగు ఉండదేమో అని నేను ఎక్కడో అనుకున్నట్టున్నాను. ఉంది. మేం భోజనానికి కూచున్నప్పుడూ తియ్యలేదు. వంటింటి గుమ్మానికి అవతల, మునుపటి చోటే నిలబడింది. కాకపోతే ఇప్పుడు అందులోంచి మాట్లాడుతుంది. ఆపకుండా మాట్లాడుతుంది. బుజ్జిని వచ్చే ఏడు ఏ బడిలో వెయ్యాలి, సూరిబాబు రాత్రిళ్ళు గురక పెడుతున్నాడు డాక్టరుకి చూపించాలా, వాళ్ళ ఊళ్ళో మడుగుల్లో దోమల మందు కొట్టించడానికి ఎవరికి అర్జీ పెట్టాలి, రైల్వేలో మీకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరా. ఒకటికి జవాబు చెప్పేలోగా ఇంకోటి. గొంతులో కప్ప ఇంకా పూర్తిగా పోలేదు.

నేను ముద్ద కలిపి అలాగే వింటూ ఉండిపోయాను.

“బావగారూ, తినండి. చారు చల్లారిపోతోంది,” అంది కొంగులోంచి.